బాన్సువాడకు రాని స్టేడియం

మున్సిపల్ ఇంజనీర్లుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ ఒకమ్మాయి అడిగింది, "మేడం, మీ సర్వీసులో మీరు కట్టినవాటిల్లో అన్నిటికంటే పెద్దది ఏది?" అని. వాటర్ ట్యాంకు పేరో బ్రిడ్జి పేరో చెబుతాననుకుని ఉంటుంది. "కట్టని స్టేడియం" అని నేను చెప్పింది విని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో నేను ఎక్కువ నేర్చుకున్నది కట్టినదాని నుంచి కాదు, కట్టకుండా పోయినదాని నుంచి. ఆ రోజు వాళ్లకు పూర్తిగా చెప్పే తీరిక దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

కూర్చోమన్న సారు

నా మొదటి పై అధికారి రహమతుల్లా సారు. నేను చేరిన కొత్తలో ఒక పల్లెకు బస్ షెల్టర్ మంజూరైంది. మ్యాపు చూశాను, రోడ్డు కొలిచాను, మలుపుకు నిబంధన ప్రకారం ఎంత దూరం ఉండాలో అంత దూరంలో కట్టించాను. రంగులు కూడా వేయించాను. మూడు నెలల తర్వాత సారు నన్ను జీపులో అక్కడికి తీసుకెళ్లి, షెల్టర్‌లో కూర్చోబెట్టి, "ఒక గంట కూసో బేటీ. ఫైల్ చూడకు, రోడ్డు చూడు" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ గంటలో నాలుగు బస్సులు వచ్చాయి. ఒక్కటీ నా ముందు ఆగలేదు. యాభై గజాల అవతల ఒక మిర్చిబజ్జీల కొట్టు ఉంది. జనం అక్కడే నిలబడుతున్నారు, బస్సులు అక్కడే ఆగుతున్నాయి. షెల్టర్‌లో నాతోపాటు రెండు మేకలున్నాయి.

సారు తిరిగొచ్చి తిట్టలేదు. "ఆ కొట్టాయన్ను ఒక్క మాట అడిగితే చెప్తుండె గదా" అన్నారు. అంతే. అప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు వెళ్లి కూర్చోవడం, అడగడం అలవాటైంది. అడగడమంటే నాకు మెల్లగా ఇష్టం కూడా పుట్టింది. చాలామంది ఇంజనీర్లకు కట్టడంలో ఉండే సంతోషం నాకు అడగడంలో దొరికేది. అయినా అసలు అడగాల్సిన చోట నేను అడగలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

టీవీలో మన ఊరు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు నేను బాన్సువాడలో ఉన్నాను. ఒకరోజు హైదరాబాద్ నుంచి కార్తీక్ అనే యువకుడు వచ్చాడు. ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టును నడిపే కంపెనీ తరఫు మనిషి. టీవీలో చూసే పోటీల్లాంటివే, ఆటగాళ్లను వేలంలో కొనుక్కుంటారు. ఆ జట్టుకు సొంత మైదానం కావాలి. పెద్ద నగరాల్లో అద్దెలు ఎక్కువ, ఖాళీలు తక్కువ. అందుకని చిన్న పట్టణాలు చూస్తున్నారు.

కంపెనీ మాట సూటిగా ఇదీ: కాలువ పక్కనున్న ప్రభుత్వ భూమిలో నాలుగు వేల మంది కూర్చునే ఇండోర్ స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టాలి. జట్టు ఏటా కొన్ని రోజులు అక్కడ ఆడుతుంది. టికెట్ల డబ్బు, ప్రకటనల డబ్బు కంపెనీవి. ఊరికి వచ్చేది పేరు, వ్యాపారం.

"మేడం, మ్యాచ్ రోజు స్క్రీన్ మీద బాన్సువాడ అని పడుతుంది. దేశమంతా చూస్తుంది" అన్నాడు కార్తీక్. కుర్రాడు అబద్ధాలకోరు కాదు. తాను చెప్పేది నిజంగా నమ్మాడు.

వారం తిరగకుండా ఊరంతా అదే మాట. చాయ్ హోటళ్లలో, బస్టాండులో, వాట్సాప్‌లో. చుట్టుపక్కల మండలాల్లో కబడ్డీ అంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు. వరి కోసిన మడిలో గీతలు గీసి ఆడేస్తారు. వాళ్లకు కూత పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.

అంచనా తయారుచేసే పని నాకు అప్పగించారు. మొత్తం చూసి నేనే కళ్లు నలుపుకున్నాను. ఆ సొమ్ముతో ఊళ్లోని మురికి కాలువలన్నీ కట్టినా ఇంకా మిగులుతుంది.

అంచనాతోపాటు ఒక నోటు రాయాలి, ఈ కట్టడం వల్ల ప్రజలకు ఏం లాభమో. నేను రాసినదాంట్లో ఒక వాక్యం ఇది: "మ్యాచ్‌లు లేని రోజుల్లో స్థానిక క్రీడాకారులు ఈ స్టేడియంను ఉపయోగించుకుంటారు." ఆ వాక్యం రాయమని నన్నెవరూ అడగలేదు. ప్రజల డబ్బుతో కట్టినది ప్రజలు వాడుకోకుండా ఎలా ఉంటారని నాకు నేనే అనుకుని రాసేశాను. రాసి, సంతకం పెట్టాను.

శాంతిబాయి

ఆ వాక్యం ఎలాగో బయటికి వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది. అది చదివి మా ఆఫీసుకు వచ్చిన మనిషి శాంతిబాయి. బడిలో ఆటల టీచరు. నిజాంసాగర్ వైపు తండాలో పుట్టి, యూనివర్సిటీ జట్టుకు ఆడి, మోకాలు దెబ్బతిని ఆట మానేసింది. సెలవు రోజుల్లో తండాల ఆడపిల్లలను పోగుచేసి కబడ్డీ నేర్పేది.

"మేడం, మట్టిల ఆడి ఆడి మా పిల్లల మోకాళ్లు గూడ నా లెక్కనే పోతున్నయ్. పోటీలేమో మ్యాట్ మీద పెడ్తరు. మ్యాట్ మీద అడుగెట్ల వెయ్యాలెనో పోటీకి పోయిన దినమే నేర్చుకుంటుండ్రు. ఇగ మీ పుణ్యమాని ఆ ఫికర్ తీరిపోతది."

"అదింకా మంజూరు కాలేదమ్మా" అన్నాను.

"అయితది మేడం. నేను తండ తండ తిరుగుత. సంతకాలు తెస్త."

నిజంగానే తిరిగింది. స్కూటీ మీద, బడి అయ్యాక, రోజుకో తండా. నేను రాసిన వాక్యం ఫోన్‌లో చూపించి, వాళ్ల భాషలో చదివి చెప్పి, వేలిముద్రలు వేయించింది.

సరిహద్దు అవతల

ఇలాంటి స్టేడియం ఒకటి అప్పటికే మహారాష్ట్రలో ఒక పట్టణంలో ఉందని తెలిసింది. అక్కడా ప్రజల సొమ్మే, అక్కడా బయటి జట్టే. నాకు కుతూహలం ఆగలేదు. ఒక ఆదివారం సొంత ఖర్చుతో డోంగ్లి మీదుగా వెళ్లాను. మాది పెద్ద కొడప్‌గల్ దగ్గర సరిహద్దు పల్లె కాబట్టి నాలుగు మరాఠీ ముక్కలు వచ్చు.

గేటు దగ్గర కాపలాదారు ఒక్కడే ఉన్నాడు. జట్టు ఏదని అడిగితే చెయ్యి గాలిలో ఊపాడు. "ఆలే, ఖేళ్లే, గేలే." వచ్చారు, ఆడారు, పోయారు. రెండు సీజన్లు ఆడాక ఇంకో ఊరు ఇంకా మంచి హాలు ఇస్తానందట. ఇప్పుడు హాల్లో పెళ్లిళ్లు, పరీక్షలు జరుగుతున్నాయి.

ఇక్కడితో ఆపేస్తే నేను వెతుక్కుంటూ వచ్చిన జవాబు దొరికినట్టే. కానీ రహమతుల్లా సారు చెప్పిన గంట ఇంకా పూర్తి కాలేదు. కూర్చున్నాను. కాసేపటికి వెనక గదిలోంచి ధబ్ ధబ్ మని చప్పుడు. వెళ్లి చూస్తే పదిహేను మంది ఆడపిల్లలు కుస్తీ సాధన చేస్తున్నారు, జట్టు వదిలేసి వెళ్లిన పాత మ్యాట్ల మీద. వాళ్లలో ఒకమ్మాయి రాష్ట్రస్థాయికి వెళ్లిందని కాపలాదారు గర్వంగా చెప్పాడు. ఎదురుగా చాయ్ దుకాణం ఆయన మాత్రం, "ఆ రెండేళ్లూ పండగే. తర్వాత మళ్లీ ఎప్పటిలాగే" అన్నాడు.

తిరుగు బస్సులో నా మనసు ఒక పట్టాన తేలలేదు. డబ్బు దండగైందా? అయింది. ఏమీ మిగల్లేదా? మిగిలింది. కాకపోతే మిగిలింది ఎవరూ అనుకుని చేసింది కాదు. జట్టు పోవడం వల్ల తలుపు తెరుచుకుంది. మరి జట్టు ఉన్నన్ని రోజులూ ఆ తలుపు ఎవరి చేతిలో ఉంది? ఆ ప్రశ్న పుట్టాకే, మా ఊరి ఒప్పందం ముసాయిదా తెప్పించుకుని మొదటిసారి పూర్తిగా చదివాను.

పదకొండో పేజీలో ఉంది. ఏడాది పొడుగునా హాలు నిర్వహణ కంపెనీది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు.

ప్రజల అభిప్రాయం తీసుకునే సభ రెండు రోజుల్లో ఉంది. అప్పటి నా పై అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే, జాగ్రత్తపరుడు. "నీ పని అంచనా. ఒప్పందం చూసేవాళ్లు వేరే ఉన్నారు. అడిగితే తప్ప మాట్లాడకు" అన్నాడు. సరేనన్నాను. సాయంత్రం శాంతిబాయికి ఫోన్ చేయాలని నంబరు తీశాను. మూడుసార్లు తీశాను. చేయలేదు. సభలో దానంతట అదే తేలిపోతుందిలే అనుకున్నాను. నా సర్వీసులో నేను సిగ్గుపడే పని ఏదని అడిగితే, తప్పు వాక్యం రాయడం కాదు, ఆ ఫోన్ చేయకపోవడం.

ఫంక్షన్ హాల్లో

హాలు కిక్కిరిసింది. వేదిక మీద కార్తీక్ రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. జనం ఈలలు వేశారు.

ముందు మటన్ హోటల్ సలీం లేచాడు. "మ్యాచ్ దినాలల్ల నా హోటల్ నిండుతది. మిగిలిన దినాల ముచ్చట నేను చూసుకుంట. ఊరికి నలుగురిని రానియ్యుండ్రి సార్."

కాలువ కింద వలస రైతుల క్యాంపులో వ్యవసాయం చేసే నారాయణరావుగారు మైకు అందుకున్నారు. ఆయన తాతల నాడే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు, మాట మాత్రం మారలేదు. "మా చివరి తూము బాగుచేయమంటే నిధుల్లేవంటారండీ. ఆట కంపెనీకి ఎక్కణ్ణుంచొస్తాయండీ? వాళ్లేమన్నా పేదవాళ్లా?"

నీటి పద్దు వేరు, ఆటల పద్దు వేరు. పద్దుల లెక్కన ఆయన ప్రశ్న తప్పు. అయితే పన్ను కట్టే మనిషికి ఇన్ని జేబులుండవు, ఒక్కటే ఉంటుంది. ఈ సంగతి కొత్త ఇంజనీర్లు గుర్తుంచుకోవాలి.

వెనక నుంచి కుర్రాళ్లు అరిచారు. "పెద్దమనిషీ, ప్రతి దాన్ల తూము తెస్తవేంది? మా ఊరికి ఒక్కటన్న మంచిది రావద్దా?" అదీ న్యాయమే. ఏళ్ల తరబడి కాలువలు, రోడ్లు, కాలువలు. సంతోషం కోసం ఊరికి మేం కట్టించింది ఏముంది?

అప్పుడు శాంతిబాయి లేచింది. చేతిలో సంతకాల కట్ట. వెనక వరుసల్లో తండాల ఆడపిల్లలు, కొందరి తల్లులు.

"సార్, అందరు మ్యాచ్ దినాల గురించి మాట్లాడుతుండ్రు. నేను మ్యాచ్ లేని దినాల కోసం వచ్చిన. గా దినాలల్ల మా పిల్లలు లోపట ఆడుకోవచ్చని ఇంజనీర్ మేడమే రాసిండ్రు. గందుకే మేం సంతకాలు పెట్టినం." నా వైపు తిరిగింది. "చెప్పుండ్రి మేడం. మీ నోటితోని ఒక్కసారి చెప్పుండ్రి."

నాకు మైకు ఇచ్చారు. నా పై అధికారి నేల చూస్తున్నాడు. అడిగితే తప్ప మాట్లాడొద్దన్నాడు. అడిగారు కదా.

"నేను రాసింది నిజమే" అన్నాను. "ఒప్పందం చదవకుండ రాసిన. తప్పు నాది. ఒప్పందంల అట్ల లేదు. కంపెనీ ఒప్పుకుంటెనే ఎవరన్న లోపటికి పోవాలె."

శాంతిబాయి మెల్లగా అడిగింది. "ఎప్పుడు తెలిసింది మేడం?"

"మొన్న."

"మొన్ననా? మల్ల నాకు ఫోన్ చెయ్యకపోతిరి?"

ఆమె కూర్చోలేదు, కార్తీక్ వైపు తిరిగింది. "పోనీ సార్, ఇప్పుడు రాయుండ్రి. వారానికి రెండు దినాలు."

కార్తీక్ ఇబ్బందిపడ్డాడు. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు, పావుగంటకు వచ్చాడు. "సారీ మేడం. మ్యాట్ అంతర్జాతీయ ప్రమాణాలది, ఇన్సూరెన్స్ ఉంటుంది. ఒప్పుకోలేం అంటున్నారు. వేరే రెండు పట్టణాలు కూడా రెడీగా ఉన్నాయి" అన్నాడు.

నారాయణరావుగారు మైకు లేకుండానే అన్నారు. "అయితే అద్దన్నా కట్టండి బాబూ, మా హాలుకి."

అదీ కుదరలేదు. రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. తర్వాత కంపెనీ వేరే పట్టణానికి వెళ్లిపోయింది.

నన్ను ఏమన్నారంటే

"స్టేడియం పోగొట్టిన మేడం" అన్నారు. కొంతకాలం సలీం హోటల్ ముందు నుంచి పోతే పలకరింపు ఉండేది కాదు. నిజం చెప్పినవాళ్లకు పూలదండలు వేస్తారని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. అయితే ఊరు నన్ను తిట్టినదాంట్లో కొంత న్యాయం ఉంది. ముసాయిదా మొదటి రోజే చదివి ఉంటే, బేరం ఆడే టైమ్ ఊరికి దొరికేది. నా నిజం ఆలస్యంగా వచ్చింది. ఆలస్యంగా వచ్చిన నిజం సగం పనే చేస్తుంది.

శాంతిబాయి ఐదు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత, కాలువ పక్కనున్న అదే స్థలంలో ఒక మూల చిన్న షెడ్డు కట్టడానికి కొంత సొమ్ము దొరికింది. ఈసారి గీత గీయకముందే ఆమె బడికి వెళ్లి, మైదానం గట్టు మీద కూర్చున్నాను. పిల్లల ఆట అయిపోయేదాకా ఆమె నా వైపు చూడలేదు. చివరికి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం కావాలె మేడం?"

"నీకేం కావాల్నో చెప్పు. గదే కడ్త."

"ముందుగాల్ల బాత్రూం. బట్టలు మార్చుకునే అర్ర. లోపట గొళ్లెం ఉండాలె. దాని తర్వాతనే మ్యాట్."

నా మనసులో వరుస సరిగ్గా తలకిందులుగా ఉంది. ఆమె చెప్పిన వరుసలోనే కట్టాం. రేకుల కప్పు, రెండు కోర్టులు, లైట్లు, లోపల గొళ్లెం ఉన్న గది. నేను రిటైర్ అయ్యేనాటికి అరవై మంది దాకా పిల్లలు వస్తున్నారు. శాంతిబాయి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే.

టికెట్ కొని చూసిన ఆట

ప్రజల సొమ్ముతో ఆట కంపెనీలకు స్టేడియాలు కట్టొచ్చా అని ఆ కొత్త ఇంజనీర్లు నన్నడిగారు. కట్టకూడదని ఒక్క మాటలో చెప్పగలిగితే బాగుండేది. ఊరి సొమ్ము పెట్టేటప్పుడు మ్యాచ్ లేని రోజుల గురించి అడగండి, ఒప్పందం చివరి పేజీ దాకా చదవండి, మీకు తెలియనిది రాసి సంతకం పెట్టకండి. ఇంతవరకు గట్టిగా చెప్పగలను. అంతకుమించి నాకూ పూర్తిగా తెలియదు. ఎందుకు తెలియదో చెబుతాను.

పోయిన సీజన్‌లో శాంతిబాయి ఫోన్ చేసింది. "అక్కా, మనల్ని విడిచిపెట్టి పోయిన జట్టు మ్యాచ్ ఉంది. పిల్లల్ని తీసుకపోతున్న. నువ్వు గూడ రా."

మొదట మనసొప్పలేదు. తర్వాత కుతూహలమే గెలిచింది. ఇరవై మంది పిల్లలు, మేమిద్దరం. టికెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లాం. మా ఊరికి గీసిన నమూనాతోనే అక్కడా కట్టారు కాబట్టి ఆ హాలు అంచనా నాకు కంఠతా వచ్చు. ఎన్ని స్తంభాలో, పైకప్పు ఎత్తెంతో తెలుసు. తెలియనిది ఒక్కటే. చివరి కూతలో ఒక బక్కపలచని కుర్రాడు ఐదుగురిని ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చేయి పెట్టినప్పుడు నాలుగు వేల మంది ఒక్కసారి లేచారు. ఆ అరుపు నా ఛాతీలో తగిలింది. చూసుకుంటే నేనూ నిలబడి ఉన్నాను, గొంతు బొంగురుపోయింది. శాంతిబాయి నన్ను చూసి పడీపడీ నవ్వింది. ఊళ్లో కుర్రాళ్లు ఆ రోజు అడిగింది ఇదేనేమో అనిపించింది.

బయటికి వచ్చాక సంగీత అనే అమ్మాయి, తొమ్మిదో తరగతి, నా పక్కన నడుస్తూ అడిగింది. "మేడం, మనూళ్ల గిట్లాంటిది ఎప్పుడు కడ్తరు?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ప్రశ్నకు "ప్రపోజల్ పంపినం" అనేదాన్ని. ఆ రోజు అలా అనబుద్ధి కాలేదు.

"నాకెర్కలేదు బిడ్డా. నువ్వే ఇంజనీర్‌వి అయితే ఏం కడ్తవు?"

ఆమె బస్సు దాకా ఆలోచించింది. మెట్టు ఎక్కబోతూ ఆగి చెప్పింది.

"ముందు మా యాడి కూసునే జాగ కడ్త మేడం. నేను ఆడంగ మా యాడి ఒక్కసారి గూడ చూడలే."

యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. నేను శాంతిబాయి వైపు చూశాను. ఆమె తల ఊపింది.

"నిజమే అక్కా. కూలికి పోయి వచ్చినంక కొందరు తల్లులు వస్తరు. నిలబడి నిలబడి కాళ్లు గుంజుతయ్. కంచె కాడ్నుంచి చూసి మర్లిపోతరు."

నేను కట్టిన షెడ్డులో ఆడేవాళ్లకు అన్నీ ఉన్నాయి. చూసేవాళ్లు కూర్చోవడానికి ఒక్క మెట్టు లేదు. శాంతిబాయిని అడిగాను, పిల్లలను అడిగాను. తల్లులను అడగాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఉత్తరం గోడకూ కోర్టు గీతకూ మధ్య పద్నాలుగు అడుగులుంది. రెండు వరుసల మెట్లు పడతాయి.